ద్రాక్షపండు మీద తెల్లచుక్క

మా నాన్న తెనాలిలో బోర్డులు రాసేవారు. అక్షరాలైనా బొమ్మలైనా దాన్ని 'రాయడం' అనే అనేవారు. మందుల షాపు, మెస్సు, సైకిల్ రిపేరు, బట్టల దుకాణం, ఎరువుల కొట్టు... ఊళ్లో ఏ వీధిన నడిచినా తలెత్తితే నాన్న చేతిరాత కనిపించేది. అన్నింటిలోకీ ఆయనకు ఇష్టమైనవి పళ్లరసాల దుకాణం బోర్డులు. ఆ పని వచ్చిన రోజు ఇంట్లో మాటతీరే మారిపోయేది. పొద్దున్నే లేచి, కాఫీ తాగుతూ, "ఇవాళ ద్రాక్ష ఉందే" అనేవారు అమ్మతో. పండగ ఉంది అన్నట్టు ఉండేది ఆ మాట.

రేకుకు ముందు రెడ్ ఆక్సైడ్ పూసి ఆరబెట్టేవారు. దాని మీద తెలుపు రెండు పూతలు. అది కూడా ఆరాక కాగితం తీసేవారు. కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంబడే సూదితో చిల్లులు పొడిచి పెట్టుకునేవారు. ఆ కాగితాన్ని రేకు మీద పరిచి, పాతగుడ్డలో కట్టిన బొగ్గుపొడి మూటతో అద్దితే రేకు మీద చుక్కచుక్కలుగా ద్రాక్షగుత్తి లేచేది. నాకు తెలిసిన మొదటి ఇంద్రజాలం అదే. అలాంటి కాగితాలు నాన్న దగ్గర ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. పైనాపిల్ ఒకటి, ఆపిల్ రెండు రకాలు, కోసిన పుచ్చకాయ, గ్లాసులో రసం, అంచున నిమ్మచెక్క. పైనాపిల్‌ను మేం పండుగా చూసింది తరువాత. ముందు చూసింది నాన్న బోర్డు మీదే. ఆపిల్ అంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు కాగితం సంచీలో నాలుగు కొనుక్కెళ్లే పండు అది. ద్రాక్ష మాత్రం ఎండలు ముదిరే ముందు బండ్ల మీద కనిపించేది. హైదరాబాదు వైపు నుంచి వచ్చే అనాబ్-ఎ-షాహి. లేత ఆకుపచ్చగా, గింజలతో, పట్టుకుంటే లోపలి నరాలు కనిపించేటంత పలుచని తోలుతో.

గుత్తిలో ఒక్కో పండుకూ ముందు ముదురు రంగు గుండ్రంగా వేసేవారు. ఒక పక్క కాస్త లేతరంగు కలిపేవారు. రెండో పక్క, నీడలో, అంచు వెంట మళ్లీ సన్నటి వెలుగుగీత ఒకటి లాగేవారు. ఆ గీత లేకపోతే పండు గోళీలా ఉంటుంది తప్ప పండులా ఉండదట. ఇంత అయ్యాక కూడా గుత్తికి ప్రాణం వచ్చేది కాదు. అప్పుడు నన్ను పిలిచేవారు. నాకు తొమ్మిది, పదేళ్లు ఉంటాయి. అన్నింటికన్నా సన్నని కుంచెను తెల్లరంగులో ముంచి, డబ్బా అంచుకు రాసి, నా చేతికిచ్చేవారు. ఒక్కో ద్రాక్షపండు మీదా ఒక్కో తెల్లచుక్క. అది నా పని. చుక్క పడగానే ఆ పండు ఉన్నట్టుండి తడిగా, నిండుగా అయిపోయేది. పక్కనున్నది ఇంకా బొమ్మ, ఇది పండు.

ఒకసారి తొందరలో అయిదారు పళ్లకు చుక్క రెండో వైపు పెట్టేశాను. నాన్న కోప్పడలేదు. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో వాటిని మెత్తగా తుడిచేసి, "వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూసి పెట్టమ్మా. ఒక్క బొమ్మలో ఇద్దరు సూర్యులు ఉండరు" అన్నారు. ఆ రోజు నుంచి ఇప్పటికీ, ఏ గదిలోకి వెళ్లినా నేను ముందు కిటికీ ఎటుందో చూస్తాను.

తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. నేను అప్పటికే అమెరికా వచ్చేశాను. ఫోనులో నాన్న దాని గురించి ఒక్కసారే మాట్లాడారు. "పళ్లు బాగానే ఉన్నాయమ్మా, ఫొటోలు కదా. కాకపోతే రెండేళ్లకు ఎండకు వెలిసిపోతాయి" అన్నారు. 1980ల్లో ఆయన రాసిన బోర్డులు కొన్ని అప్పటికి ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

2009 అక్టోబరులో అమ్మానాన్న మా దగ్గరికి, న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చారు. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాలని అమ్మ కోరిక. 1970ల్లో మనవాళ్లు కొండవాలు మీద కట్టుకున్న గుడి అది. ఇక్కడికి వచ్చే తల్లిదండ్రులలో చాలామందికి తిరుపతి తరువాత తిరుపతి. దగ్గరిదారి వేరే ఉన్నా, ఆకుల రంగులు చూపిద్దామని మావారు ఐ-80 రహదారి పట్టుకున్నారు. పెన్సిల్వేనియా కొండలన్నీ పసుపూ కుంకుమా చల్లినట్టు ఉన్నాయి. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. మా ఆరేళ్లవాడు కారులో ఉండలేక పేచీ. రహదారి నుంచి కాస్త ఉత్తరంగా వెళితే విలియమ్స్‌పోర్ట్ అనే ఊళ్లో ఒక మ్యూజియం, అందులో బొమ్మరైళ్ల గది ఉన్నాయని మావారికి ఎవరో చెప్పారు. అలా వెళ్లాం. రైళ్ల కోసం.

థామస్ టి. టేబర్ మ్యూజియం అది. ఉన్న వీధి పేరు వెస్ట్ ఫోర్త్ స్ట్రీట్. ఒకప్పుడు కలప వ్యాపారంలో కోట్లు గడించినవాళ్లు వరసగా మేడలు కట్టుకున్న వీధి. పై కొండల్లో కొట్టిన దుంగలను సస్క్వెహానా నదిలో వదిలితే, ఈ ఊరి దగ్గర అడ్డుకట్ట వేసి పట్టి, మిల్లుల్లో కోసేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచపు కలప రాజధాని అని పేరు పడిన ఊరు. ఆ మేడల భోజనాల గదుల్లో గోడకు తగిలించుకోవడానికి బొమ్మలు కావాలి. అవి వేయడానికి ఒక మనిషి దొరికాడు.

బొమ్మరైళ్ల దగ్గర వాణ్ణి, వాళ్ల నాన్ననూ వదిలి మేం ముగ్గురం అలా నడుస్తున్నాం. నాన్న నా వెనక వస్తున్నారనుకున్నాను. తిరిగి చూస్తే లేరు. పక్కగదిలో, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక పటం ముందు నిలబడి ఉన్నారు. చేతులు వెనక్కి కట్టుకోవడం ఆయనకు అలవాటు. ఆరని బోర్డు దగ్గర అందరికీ ఆయన చెప్పే మొదటి మాట అది.

పటం నిండా పళ్లు. బూడిదరంగు పాలరాతి బల్ల రెండు మెట్లుగా ఉంది. దాని మీద ద్రాక్ష, నల్లదీ తెల్లదీ, గుత్తులు గుత్తులుగా అంచు దాటి కిందికి జారుతోంది. పీచ్ పళ్లు, రేగుపళ్లలాంటి ప్లమ్స్, చెర్రీలు, ఒరిగిన గిన్నెలోంచి దొర్లిన స్ట్రాబెర్రీలు. సన్నని గాజుగ్లాసులో ద్రాక్షసారా, పక్కనే కోసిన నిమ్మచెక్క. అన్నింటి మీదుగా పాకిన ద్రాక్షతీగ, దాని నులితీగలు. ఖాళీ అన్నది లేదు. పెళ్లివారింట్లో సారె పరిచినట్టు ఉంది.

అమ్మ కాసేపు చూసి, "ఇన్ని పళ్లు ఇంత ముచ్చటగా పేర్చి, ఎదురుగా దేవుడి పటం పెట్టలేదేమిటే?" అంది. ఆమెకు పళ్లు ఈ తీరున పేర్చడం అంటే నైవేద్యం. ఆ మాట నాకు ఈరోజుకీ సరైనదే అనిపిస్తుంది. ఆ పటంలో పళ్లను తినబోయేవాడు ఎవడూ లేడు. ఎవరికో పెట్టి, పక్కకు తప్పుకున్నట్టు ఉంది.

నాన్న మాత్రం మాట్లాడటం లేదు. ముక్కు పటానికి ఆనేంత దగ్గరికి వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ దగ్గరికి వెళ్లారు. "నీటిబొట్టు చూశావా?" అన్నారు చివరికి. ఒక పీచ్ పండు మీద నీటిబొట్టు ఉంది. "పండుకు వెలుతురు వైపు తెలుపు వేస్తాం. నీటిబొట్టుకు తిరగేసి వేయాలి. వెలుతురు వైపు ముదురు, అవతలి వైపు లేత, ముదురులో ఒక్క చుక్క. ఇది తెలియడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. చెప్పినవాళ్లు లేరు." కాసేపాగి, "ఈయన పింగాణీ మీద పని చేసిన మనిషి అయ్యుండాలి. ఆ నునుపు అలాంటిది" అన్నారు.

ఆయన పేరు సెవెరిన్ రోసెన్. గోడ మీది పలక చదివి నాన్నకు తెలుగులో చెప్పాను. ఇంటికి వచ్చాక దొరికినదల్లా చదివాను. జర్మనీలో రైన్ నది ప్రాంతంవాడు. 1815 ప్రాంతంలో పుట్టాడు. పింగాణీ మీద బొమ్మలు వేసే పనిలో మొదలైనవాడని చరిత్రకారులు అంటారు. అది చదివినప్పుడు రాత్రి పది దాటింది. పడుకున్న నాన్నను లేపి చెప్పాలనిపించింది. 1847లో కొలోన్‌లో ఒక ప్రదర్శనలో పూల చిత్రం పెట్టాడు. మరుసటి ఏడు, యూరప్ అంతా తిరుగుబాట్లతో అట్టుడికిన 1848లో, న్యూయార్క్ చేరాడు. మొదట్లో బాగానే గడిచింది. బొమ్మలు కొని తన సభ్యులకు లాటరీలో పంచే అమెరికన్ ఆర్ట్ యూనియన్ ఆయన పటాలూ కొన్నది. కొన్నేళ్లకు కోర్టు తీర్పుతో ఆ సంస్థ మూతపడింది. 1857లో రోసెన్ న్యూయార్క్ వదిలి, పెన్సిల్వేనియా ఊళ్లు తిరుగుతూ, 1860ల మొదట్లో ఈ విలియమ్స్‌పోర్ట్ చేరాడు. పదేళ్లు ఇక్కడే. తేదీ వేసిన చివరి పటం 1872 నాటిది. ఆ తరువాత చరిత్రలో ఆయన జాడ లేదు. ఇప్పుడు ఆ పటాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి, వైట్ హౌస్ సేకరణలోనూ ఉన్నాయి.

మ్యూజియంలో ఆ వేళ నాకు ఇవేవీ తెలియవు. అదే గదిలో ఆయనదే మరో పటం ఉంది. నాన్న దాని ముందుకు వెళ్లారు, మళ్లీ మొదటిదాని ముందుకు వచ్చారు. బొటనవేలూ చూపుడువేలూ చాచి గాలిలోనే కొలిచారు. నా చెయ్యి పట్టుకుని లాగారు. ఆయన అలా నా చెయ్యి పట్టుకుని లాగి ఏళ్లయింది.

"ఈ గుత్తి చూడు. కింద మూడు పళ్లు, పక్కకు ఒకటి విడిగా. ఇప్పుడు దాన్ని చూడు. అదే గుత్తి! నిమ్మచెక్క కూడా అదే. ఈయన దగ్గరా కాగితం ఉందమ్మా!"

ఆ గొంతులోని సంతోషాన్ని ఎలా రాయాలో నాకు తెలియదు. ఇరవై నాలుగు గంటలు విమానాల్లో కూర్చుని వచ్చి, భాష తెలియని దేశంలో, నూట యాభై ఏళ్ల కిందటి మనిషిలో తన ట్రంకుపెట్టెను గుర్తుపట్టారు ఆయన. తరువాత పుస్తకాల్లో చూశాను. రోసెన్ ఒకే పండ్ల గుంపును పటం తరువాత పటంలో తిరిగి వాడేవాడని, కొన్ని పటాలు దాదాపు ఒకదానికొకటి నకళ్లని కళాచరిత్రకారులు రాశారు. కొందరు దాన్ని లోపంగా ఎంచారు. నేను ఎంచలేను. దాదాపు మూడు వందల పటాలు మిగిల్చిన మనిషి, చేతిలో ఉన్నదాన్ని పట్టుకుని ఊరూరా తిరిగాడు. పెట్టెలో పట్టేవి కాగితాలే కదా.

"స్ట్రాబెర్రీ ఇక్కడ ఎప్పుడు కాస్తుంది?" అని అడిగారు నాన్న.

"జూన్ ప్రాంతంలో."

"ద్రాక్ష?"

"సెప్టెంబరులో. మొన్నమొన్నటిదాకా తోటల్లో ఉంది."

"అయితే ఇవన్నీ ఒక్క బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. చూసి వేయలేదమ్మా ఈయన. గుర్తుపెట్టుకుని వేశాడు."

పలక మీద లేని సంగతి ఒకటి అక్కడ కూర్చున్న పెద్దావిడ చెప్పింది. ఈ ఊళ్లో ఆయన పటాలు ఇచ్చి బస, భోజనం, బీరు పుచ్చుకునేవాడని పాతతరంవాళ్లు చెప్పుకునేవారట. హోటళ్ల గోడల మీదా ఆ పళ్లు ఉండేవట. నేను నాన్నకు చెప్పాను. నాన్న తల ఊపారు. "మీ అమ్మ నీ పురిటికి వాళ్లింటికి వెళ్లినప్పుడు స్టేషన్ దగ్గర మెస్సుకు బోర్డు రాశాను. డబ్బులు లేవన్నాడు ఆయన. నెల రోజులు రెండు పూటలా అక్కడే తిన్నాను. ఆదివారం అరటిపండు కూడా వేసేవాడు" అన్నారు. ముప్పై అయిదేళ్లలో ఈ సంగతి నాకు తెలియదు. అమ్మకూ తెలియదని ఆమె ముఖం చూస్తే అర్థమైంది.

ఇంకొకటి చెప్పాల్సి వచ్చింది. న్యూయార్క్ వదిలి వచ్చినప్పుడు రోసెన్ భార్యాపిల్లలను అక్కడే వదిలేసి వచ్చాడు. ఇది విన్నాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. నాకూ అది మింగుడుపడని సంగతే. ఆ పటాల్లో కొన్నింటిలో పక్షిగూడు ఒకటి ఉంటుంది, అందులో గుడ్లు. వెచ్చగా, ఒక్కొక్కటీ వేళ్లతో తడిమి వేసినట్టు ఉంటాయి. వాటిని అంత ప్రేమగా వేసిన చెయ్యే ఆ పని చేసిందంటే మనసు ఒప్పుకోదు. నేను ఆయన్ను వెనకేసుకు రాను. ఆ పటాల ముందు నిలబడినప్పుడల్లా, న్యూయార్క్‌లో ఒక అద్దె ఇంట్లో మిగిలిపోయిన ఆ పిల్లలు గుర్తుకు వస్తారు.

"వాళ్ల దగ్గర ఒక్క బొమ్మైనా ఉంచి వచ్చాడంటావా?" అన్నారు నాన్న, కారెక్కుతూ.

పిట్స్‌బర్గ్‌లో స్వామి దర్శనం బాగా జరిగింది. అమ్మ పులిహోర ప్రసాదం రెండుసార్లు తీసుకుంది. నాన్న ధ్యాసంతా ఎక్కడుందో అందరికీ తెలుస్తూనే ఉంది.

ఎడిసన్ వచ్చిన మూడోరోజున నన్ను రంగుల దుకాణానికి తీసుకెళ్లమన్నారు. ఎనామిల్ కాదు, ఆయిల్ రంగులు. ఒక పలుచని చెక్కబోర్డు, నాలుగు కుంచెలు. ఓక్ ట్రీ రోడ్డులో మన కొట్లలో దొరికిన పళ్లు కొన్నారు. ఇంటికొచ్చి, కొన్నవాటిని ఫ్రిజ్‌లో పెట్టేయమన్నారు. "చూసి వేస్తే ఇవే వస్తాయి" అన్నారు.

వారం రోజులు భోజనాల బల్ల ఆయనదే అయింది. ఆయిల్ రంగులు త్వరగా ఆరవు. ఆరకపోవడం ఆయనకు మొదట చిరాకు, తరువాత ఆనందం. "నిన్నటి తప్పు ఇవాళ దిద్దుకోవచ్చు" అనేవారు. బొమ్మలో ముందు స్టీలు పళ్లెం ఒకటి వచ్చింది. మా ఇంట్లోది, అంచు ఒకచోట సొట్టపోయినది. సొట్ట కూడా వేశారు. దాని మీద రెండు రసాలు, ముచ్చిక దగ్గర జీడి కారి నల్లబడిన మరకతో సహా. ఆకుతో ఉన్న జామకాయ. చక్కెరకేళి అత్తం. పగిలీ పగలని సీతాఫలం, పగులులో ఒక్క తెల్లని తొన. సంక్రాంతి రేగుపళ్లు గుప్పెడు. వేసవి ముంజలు మూడు, వాటి మీది పలుచని గోధుమరంగు పొర ఒకచోట లేచినట్టు. చివర ఒక పక్కన ఎర్రటి ఆపిల్.

"ఆపిల్ ఎందుకు నాన్నా, ఎవరికి బాగాలేదు?" అన్నాను.

"మనవడు తింటాడు కదా" అన్నారు.

మామిడి, రేగు, సీతాఫలం, ముంజ ఒకే పళ్లెంలోకి ఏ నెలలో వస్తాయో నేను అడగలేదు. అమ్మ మాత్రం పక్కన కూర్చుని, "ఆ రసం అటు తిప్పి పెట్టండి, ఎండ తగిలిన వైపు ఎర్రగా ఉంటుంది" అని అచ్చం కొట్లో బేరమాడుతున్నట్టు చెబుతూ ఉండేది. ఆయన తిప్పి పెట్టేవారు.

ద్రాక్ష ఆఖరున వేశారు. కాగితం లేదు. ట్రంకుపెట్టె తెనాలిలో ఉండిపోయింది. అయినా చెయ్యి ఆగలేదు. కింద మూడు పళ్లు, పక్కకు ఒకటి విడిగా. అది ఎవరి గుత్తో, తనదో ఆయనదో, నేను అడగలేదు. లేత ఆకుపచ్చ, తోలు కింద నరాలు. అంచు వెంట వెలుగుగీత. అప్పుడు కుంచె కడిగి, అన్నింటికన్నా సన్నదాన్ని తెల్లరంగులో ముంచి, నాకు కాదు, మావాడికి ఇచ్చారు.

వాడు బల్లకు అవతలి వైపు, కుర్చీ మీద మోకాళ్లు వేసుకుని కూర్చున్నాడు. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగపట్టి, ఒక్కో పండు మీదా ఒక్కో చుక్క పెట్టాడు. అన్నీ కుడివైపు. బొమ్మలో వెలుతురు ఎడమ నుంచి వస్తోంది. మామిడిపండు మీద, ఆపిల్ మీద, స్టీలు పళ్లెం అంచు మీద, అంతటా ఎడమ నుంచే. నేను చప్పున టర్పెంటైన్ గుడ్డ అందుకున్నాను.

నాన్న నా చెయ్యి ఆపారు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, మనవడి వెనక వంగి, వాడి తల పక్కనే తల పెట్టి బొమ్మను చూశారు. తరువాత వాడి వెనకనున్న కిటికీని చూశారు.

"వాడు కూర్చున్న చోట వెలుతురు ఇటు నుంచే వస్తోందమ్మా. ఉండనీ" అన్నారు.